ఆ గొంతు ఎవరిదని కంప్యూటర్‌ని అడిగితే

మా కాలేజీ ఈసీఈ ఫైనలియర్ పిల్లలు కొందరు ఈ ఏడాది గొంతుని బట్టి మనిషిని గుర్తించే ప్రాజెక్టు చేశారు, వాళ్ళకి గైడ్‌ని నేను. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నెల్లూరులో నన్నెరిగినవాళ్ళు, కావలిలో మా బంధువులు, మా వీధి చివర బట్టలు కుట్టే ఆయనతో సహా అందరూ అడిగేది ఒకటే. "సార్, ఆడియో కంప్యూటర్లో వేస్తే ఎవరి గొంతో టక్కున చెప్పేస్తదంట గదా, వేలిముద్ర మాదిరి?" అట్లా చెప్పదు. అది చెప్పేది వేరే, దాన్ని సరిగ్గా అర్థం చేసుకోకపోతే ఏ తప్పూ చేయని మనిషి ఊళ్ళో తలెత్తుకోలేని పరిస్థితి వస్తుంది. అందుకే తీరిగ్గా కూర్చుని మొత్తం రాస్తున్నాను, కాస్త పొడుగైనా చదవండి.

ముందు ఒక సంగతి. ఏం మాట్లాడారో కనిపెట్టడం ఒక పని, ఎవరు మాట్లాడారో కనిపెట్టడం ఇంకో పని. మన చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి గారికి 1994లో ట్యూరింగ్ అవార్డు (కంప్యూటర్ రంగంలో అన్నింటికన్నా పెద్ద బహుమతి) వచ్చింది కదా, ఆయన పేరు తెచ్చుకున్నది మొదటి పనిలో, అంటే మనిషి మాటని యంత్రం అర్థం చేసుకునేలా చెయ్యడంలో. ఫోన్‌లో మనం తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడుతున్నాయంటే అది ఆ పనే. రెండో పని దానికి తిరగబడి ఉంటుంది. మొదటిదానిలో ఎవరు మాట్లాడినా 'అన్నం' అన్నది 'అన్నం' అనే పడాలి, మనిషికీ మనిషికీ ఉన్న తేడాని పక్కకి నెట్టాలి. రెండోదానిలో ఆ తేడానే కావాలి, మాట ఏదైనా ఫర్వాలేదు.

ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందంటే, ఊపిరితిత్తుల గాలి స్వరపేటికలోని రెండు స్వరతంత్రుల మధ్య నుంచి బయటికి తోసుకొస్తుంటే అవి ఒకదానికొకటి కొట్టుకుంటూ ఉంటాయి. మామూలు మాటల్లో మగవాళ్ళకి సెకనుకు ఇంచుమించు 85 నుంచి 180 సార్లు, ఆడవాళ్ళకి 165 నుంచి 255 సార్లు. అక్కడ పుట్టిన శబ్దాన్ని అక్కడే వినగలిగితే అది మాటలాగా ఉండదు, ఉత్త మోత. ఆ మోత గొంతు, నోరు, ముక్కు దారుల్లో ప్రయాణం చేస్తూ కొన్ని చోట్ల బలపడి, కొన్ని చోట్ల అణిగి బయటికొస్తుంది. సన్నాయిలో పీక పుట్టించే శబ్దం ఒకటి, గొట్టం దాన్ని మలిచే తీరు ఇంకొకటి, మనిషి గొంతూ అంతే. స్వీడన్‌కి చెందిన గున్నార్ ఫాంట్ 1960లో తెచ్చిన పుస్తకంలో ఈ లెక్కంతా వివరంగా ఉంది. ఈ దారి పొడవు పెద్ద మగవాళ్ళలో సుమారు 17 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో అంతకన్నా రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ, పిల్లల్లో ఇంకా తక్కువ. దవడ ఆకారం, అంగిలి ఎత్తు, ముక్కు లోపలి గదులు అందరికీ ఒకే తీరుగా ఉండవు కాబట్టి బలపడే చోట్లు కూడా మనిషికో రకంగా ఉంటాయి. వాటినే ఫార్మెంట్లు అంటారు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. 'ఆ' కి, 'ఈ' కి తేడా తెలిసేది ఆ ఫార్మెంట్లు ఉన్న చోటుని బట్టే. నాలుకని కదిలిస్తే అవి కదులుతాయి. ఏ అక్షరం పలికామో చెప్పేవీ అవే, పలికింది ఎవరో చెప్పేవీ అవే, రెండూ ఒకే శబ్దంలో కలగలిసి ఉంటాయి. పైగా అదే మనిషికి జలుబు చేస్తే 'మ', 'న' లాంటి ముక్కుతో పలికే అక్షరాలు మారతాయి, కోపం వస్తే స్థాయి పెరుగుతుంది, వయసు పైబడితే తంత్రులు మారి గొంతే వేరవుతుంది. వేలిముద్ర అట్లా కాదు, ఏడుస్తూ వేసినా నవ్వుతూ వేసినా గీతలు అవే. గొంతు మనిషి చేసే పని, చేసిన ప్రతిసారీ ఎంతో కొంత తేడాగా చేస్తాడు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగిలినవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

వేలిముద్రతో పోల్చడం మనవాళ్ళు మొదలుపెట్టింది కాదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే లారెన్స్ కెర్‌స్టా 1962లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసంలో గొంతుముద్ర అన్న పేరే వాడాడు. మాటని స్పెక్ట్రోగ్రామ్ అనే బొమ్మగా గీసి (అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం అంటే సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో, ఎక్కడ బలంగా ఉంటే అక్కడ నల్లగా), రెండు బొమ్మల్ని కంటితో పోల్చి ఇద్దరూ ఒకరేనా కాదా చెప్పడం ఆయన పద్ధతి. 99 శాతానికి పైగా సరిగ్గా వస్తుందన్నాడు. కోర్టుల్లో వాడారు, శిక్షలు కూడా పడ్డాయి. తర్వాత ఎఫ్‌బీఐ అడిగితే అమెరికా జాతీయ పరిశోధనా మండలి ఒక సంఘాన్ని వేసింది, 1979లో వాళ్ళ నివేదిక వచ్చింది, నేరాల కేసుల్లో ఎదురయ్యే పరిస్థితుల్లో ఈ పద్ధతి ఎంత తప్పుతుందో గట్టిగా చెప్పే ఆధారం లేదనీ, చాలా జాగ్రత్తగా ఉండాలనీ దాని సారాంశం. 2007లో గొంతు పరిశీలనలో పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంఘం ఇంకో అడుగు ముందుకేసి, కెర్‌స్టా తరహా పద్ధతికి శాస్త్రీయ పునాది లేదు, కేసుల్లో వాడొద్దని తీర్మానం చేసింది. సైన్స్ వదిలేసిన ఆలోచన మాత్రం జనం నోళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉంది.

సరే, కంటితో కాకుండా కంప్యూటర్‌తో చేస్తే? ఇప్పుడు జరుగుతున్న పని నిజంగా గొప్పది, నేను దాన్ని తక్కువ చెయ్యను. మాటని 20 నుంచి 30 మిల్లీసెకన్ల చిన్న ముక్కలుగా కోస్తారు, ఒక ముక్క మొదలైన 10 మిల్లీసెకన్లకి ఇంకోటి మొదలవుతుంది, అంటే సెకను మాటకి దాదాపు 100 ముక్కలు. ఒక్కో ముక్కలో ఏ పౌనఃపున్యంలో ఎంత బలం ఉందో కొలిచి, మన చెవి వినే తీరుకి సరిపోయేలా (చెవి కింది స్థాయిల్లో సన్నని తేడాలు కూడా పడుతుంది, పైకి పోయేకొద్దీ అంత పట్టదు) ఒక డజనో ఇరవయ్యో అంకెలుగా కుదిస్తారు. ఈ అంకెల పద్ధతి డేవిస్, మెర్మెల్‌స్టైన్ 1980లో రాసిన వ్యాసంతో బాగా స్థిరపడింది, మా పిల్లలు థర్డ్ ఇయర్‌లోనే ల్యాబ్‌లో చేస్తారు.

నా దృష్టిలో అసలైన మలుపు 2000లో వచ్చింది. డగ్లస్ రెనాల్డ్స్, ఆయనతోటివాళ్ళు కలిసి ఏం చెప్పారంటే, రికార్డింగ్‌లో ఉన్న గొంతు ఈ మనిషి గొంతుకి ఎంత దగ్గరగా ఉందో చూస్తే చాలదు, మామూలు జనం గొంతులకి ఎంత దగ్గరగా ఉందో కూడా చూసి రెండింటినీ తూకం వెయ్యాలి. అందుకోసం ఎంతోమంది గొంతులు కలిపి ఒక 'లోకం' నమూనా తయారుచేశారు. ఇది చదివిన రోజు నాకు చాలా విషయాలు ఒక్కసారిగా విడిపోయాయి. పోలిక ఉందనడం ఎవరైనా చేస్తారు. ఆ పోలిక ఊళ్ళో ఇంకెంతమందికి ఉంది అన్నది అసలు ప్రశ్న.

ఆ తర్వాత 2011లో నజీమ్ దెహాక్ బృందం మొత్తం రికార్డింగుని ఒకే అంకెల వరసగా కుదించే ఐ-వెక్టర్లు తెచ్చింది, 2018లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు న్యూరల్ నెట్‌వర్క్‌తో (బోలెడు ఉదాహరణలు చూసి తనంతట తాను నేర్చుకునే ప్రోగ్రాం) అదే పని చేసే ఎక్స్-వెక్టర్లు తెచ్చారు. ఇందులో మూడు సెకన్ల మాటైనా మూడు నిమిషాల మాటైనా చివరికి 512 అంకెల వరసగా మారుతుంది. రెండు రికార్డింగుల వరసలు పోల్చి, ఎంత దగ్గరగా ఉన్నాయో ఒక స్కోరు ఇస్తుంది. అంతే, దాని పని అక్కడితో అయిపోయింది. 'ఇది ఫలానా వాడు' అన్న మాట యంత్రం నోట రాదు, ఆ స్కోరు చూసి ఇంతకి పైన ఉంటే ఒకరే అనుకుందాం అని గీత గీసేది మనిషి. గీతని పైకి జరిపితే అసలు మనిషిని కూడా కాదంటుంది, కిందికి జరిపితే ఎవరినో తెచ్చి అతనే అంటుంది. రెండు తప్పులూ ఒకేసారి తగ్గించే గీత ఎక్కడా లేదు. అమెరికాలో నిస్ట్ అనే ప్రమాణాల సంస్థ 1996 నుంచి ఇట్లాంటి యంత్రాలకి పరీక్షలు పెడుతోంది, అక్కడ కూడా చూసేది ఈ రెండు తప్పుల మధ్య తూకాన్నే.

మన దేశంలో ఈ పని జరగలేదనుకోవద్దు. బి. యజ్ఞనారాయణ గారు ఐఐటీ మద్రాసులోనూ, తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ దశాబ్దాల పాటు మాట మీద పనిచేశారు, ముఖ్యంగా నోటి ఆకారాన్ని బట్టే కాక స్వరతంత్రుల దగ్గర పుట్టే మోతలో కూడా మనిషి గుర్తులు ఉంటాయని వాటిని పట్టుకునే దారులు వెతికారు. మా లాంటి జిల్లా కాలేజీల్లో పనిచేసేవాళ్ళకి ఆయన శిష్యుల వ్యాసాలే పాఠ్యపుస్తకాలు.

ఇప్పుడు మా ప్రాజెక్టు సంగతి. పిల్లలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక మోడల్ (గొంతులు పోల్చడం ముందే నేర్చుకున్న ప్రోగ్రాం) తీసుకున్నారు, అది ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు యూట్యూబ్ ఇంటర్వ్యూల నుంచి సేకరించిన వాక్స్‌సెలెబ్ అనే గొంతుల భాండాగారం మీద నేర్చుకున్నది. 2017లో మొదటిసారి విడుదల చేసినప్పుడు అందులో 1,251 మంది ప్రముఖులు, మరుసటి ఏడాది రెండో విడతలో 6,000 మందికి పైగా. ఎక్కువ ఇంగ్లీషే. ఆ భాండాగారంలోని పరీక్షలో ఇప్పటి మంచి మోడళ్ళు నూటికి ఒకటి కంటే తక్కువే తప్పుతాయి. ఆ అంకె చూసి పిల్లలు ఎగిరి గంతేశారు. మనవాళ్ళ గొంతుల మీద పెట్టి చూద్దాం అన్నాను.

ల్యాబ్‌లో ఒకే ఫోన్‌తో, తలుపులేసి, ఒకే పేరా చదివిస్తే బ్రహ్మాండంగా పనిచేసింది. డెమో కోసం స్క్రీన్ మీద పది మంది పేర్లు పెట్టి, వాళ్ళలో ఎవరు మాట్లాడినా పేరు వెలిగేలా చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు మా ల్యాబ్ అటెండర్‌ని పిలిచి మాట్లాడమన్నాను. ఆయన ఆ పదిమందిలో లేడు. అయినా ఒక పేరు వెలిగింది. ఎందుకు వెలగదు? ఈ పదిమందిలో ఎవరికి దగ్గర అని అడిగితే ఎవరో ఒకరికి దగ్గరగానే ఉంటాడు. 'వీళ్ళెవరూ కాదు' అనే జవాబు కూడా ఉండాలని మనం అనుకుని, దానికి తగిన గీత గీసి ఉంటే తప్ప యంత్రానికి ఆ ఆలోచన రాదు. అనుమానితుల జాబితా పట్టుకుని గొంతు పోల్చేవాళ్ళందరూ ఈ డెమో ఒకసారి చూడాలని నా కోరిక.

తర్వాత పిల్లల్ని బయటికి పంపాను. విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మోటార్లు) తిరుగుతుంటే, చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ దగ్గర, ఒంగోలు బస్టాండులో, అవే మనుషుల్ని, అదే ఫోన్‌తో మాట్లాడించారు. స్కోర్లు పడిపోయాయి, కొందరి విషయంలో ఎంతగా పడిపోయాయంటే ల్యాబ్‌లో మాట్లాడిన మనిషి, గుంట గట్టు మీద మాట్లాడిన మనిషి వేర్వేరు అని తేల్చింది. చుట్టూ ఉన్న మోత కలవడం ఒక్కటే దీనికి కారణం అనుకున్నారు పిల్లలు. ఇంకోటి ఉంది. మోతలో మాట్లాడేటప్పుడు మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడు, స్థాయి పైకి పోతుంది, అచ్చులు సాగుతాయి. ఫ్రాన్స్ డాక్టర్ ఎతియెన్ లొంబార్ 1911లోనే దీన్ని గమనించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. అంటే వెనక మోతని సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేసినా మారిన గొంతు మారినట్టే ఉంటుంది. మన జిల్లాల్లో సగం ఫోన్లు గుంటల గట్ల మీదా, క్వారీల దగ్గరా, బైకు మీదా మాట్లాడేవే.

ఫోన్ కాల్ రికార్డింగ్ అయితే ఇంకో కష్టం. పాత పద్ధతి టెలిఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) మధ్య ఉన్న శబ్దాన్నే మోసేది, ఇప్పటికీ కొన్ని కాల్స్ ఆ ఇరుకులోనే పోతున్నాయి. 'స', 'శ' లాంటి అక్షరాల బలం ఎక్కువగా ఆ పైనే ఉంటుంది కాబట్టి అదంతా పోతుంది. వాట్సాప్ వాయిస్ నోట్ ఇంకో రకంగా కుదిస్తుంది. ఒక ఫోన్‌లో మోగుతున్నదాన్ని ఇంకో ఫోన్‌తో రికార్డు చేసి పంపితే (మన ఊళ్ళ గ్రూపుల్లో జరిగేది అదే) స్పీకరు, గది, రెండో మైకు మూడూ తమ గుర్తులు దానికి అంటిస్తాయి.

అన్నింటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది అన్నదమ్ముల రికార్డింగులు. పొదిలి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక కుర్రాడు, వాళ్ళ అన్న. ఒకే ఇంట్లో పెరిగారు, దవడా ముక్కూ ఒకే పోలిక, 'ఏంది', 'ఎట్టా', 'ఉండాది' అన్నీ ఒకే ఒరవడి. ఆ ఇద్దరి మధ్య వచ్చిన స్కోరు, ఒకే మనిషి ల్యాబ్‌లోనూ బయటా మాట్లాడినప్పుడు వచ్చిన స్కోరు కంటే ఎక్కువ. ఇది ఇంటర్నెట్‌లో ఉన్న ఇంగ్లీషు ప్రముఖుల పరీక్షలో కనపడదు, ఎందుకంటే అక్కడ ఒకరితో పోల్చే రెండోవాడు చాలాసార్లు ఎక్కడో వేరే దేశంవాడో, వేరే యాస వాడో. 2017లో బీబీసీ విలేఖరి ఒకాయన బ్రిటన్‌లో ఒక బ్యాంకు పెట్టిన గొంతు తాళాన్ని తన కవల సోదరుడి చేత తెరిపించి చూపించాడు. వాళ్ళు అచ్చుగుద్దినట్టుండే కవలలు కూడా కాదు. మన పల్లెల్లో మేనరికాలు, పక్కపక్క ఇళ్ళలో అన్నదమ్ముల పిల్లలు, ఒకే బడి. నెల్లూరు, ప్రకాశం పల్లెల గొంతులు ఎంతమందివి ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయో కొలవకుండా ఇక్కడి కేసులో స్కోరు గొప్పదనడం నాకు సమ్మతం కాదు.

పోయిన ఎన్నికల ముందు కందుకూరు వైపు మా అత్తగారి ఊళ్ళో ఒక ఆడియో తిరిగింది. ఒక పెద్దమనిషిని, ఆయన ఇంటి ఆడవాళ్ళని బూతులు తిట్టిన వాయిస్, పేరు లేదు. అది కిరాణా కొట్టు నడిపే ఒక కుర్రాడి గొంతని ఎవరో అన్నారు, సాయంత్రానికల్లా ఊరంతా అదే మాట. మా బావమరిది నాకు ఫోన్ చేసి, "బావా, నీ కాడ మిషన్ ఉందంట గదా, ఇది వాడిదేనని ఒక్క కాయితం రాసియ్యి, చాలు" అన్నాడు. వాడికి నేను చెప్పిన లెక్క ఇది. ఊళ్ళో 3,000 మంది పెద్దవాళ్ళున్నారనుకో. మిషన్ చాలా మంచిది, నూటికి ఒక్కసారే వేరేవాణ్ణి పట్టుకుని అతనే అంటుందనుకో. ఊరందరి గొంతులూ అందులో వేస్తే 30 మంది సరిపోతారు, అసలు తిట్టినవాడు కూడా ఊరివాడే అయితే 31. ఆ కుర్రాడు సరిపోయాడంటే అర్థం 31 మందిలో ఒకడని. నూటికి 99 పాళ్ళు వాడేనని కాదు. వాడికి వ్యతిరేకంగా ఇంకేదైనా ఆధారం ఉంటే, ఆ సమయానికి ఆ నంబరు వాడి దగ్గరుందని తేలితే, అప్పుడు ఈ స్కోరు దానికి బలమవుతుంది. ఏమీ లేకుండా గొంతు ఒక్కటే పట్టుకుంటే ఆ కుర్రాడికి అన్యాయం. కాయితం రాసివ్వలేదు.

మా బావమరిది ఒప్పుకోలేదు. "మిషన్ సంగతేమో గానీ, వాడి గొంతు నేను చిన్నప్పట్నుంచి వింటా ఉండా" అన్నాడు. చెవి మీద నమ్మకం అందరికీ ఉంటుంది, తెలిసిన గొంతు విషయంలో ఆ నమ్మకానికి కొంత అర్థం కూడా ఉంది. తెలియని గొంతు దగ్గరే ఘోరంగా తప్పుతాం. అమెరికాలో లిండ్‌బర్గ్ అనే పేరుమోసిన విమాన చోదకుడి బిడ్డ అపహరణ కేసు ఉంది కదా, 1932 ఏప్రిల్‌లో రాత్రిపూట శ్మశానం దగ్గర దూరం నుంచి విన్న ఒకటి రెండు మాటలని బట్టి ఆ గొంతు నిందితుడు హాప్ట్‌మన్‌దేనని లిండ్‌బర్గ్ 1935 జనవరిలో కోర్టులో చెప్పాడు. అది చూసి ఫ్రాన్సెస్ మెక్‌గీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్షలు చేసి 1937లో ప్రచురించింది. తెర వెనక నుంచి ఒక గొంతు వినిపించి, తర్వాత ఐదు గొంతుల్లో దాన్ని గుర్తుపట్టమంటే, మరుసటి రోజు 83 శాతం మంది సరిగ్గా చెప్పారు. ఐదు నెలలకి 13 శాతం. ఐదింటిలో ఒకటి గుడ్డిగా ఎంచుకున్నా 20 శాతం రావాలి.

మన చట్టం సంగతి కొంచెం. నిందితుణ్ణి గొంతు నమూనా ఇవ్వమని బలవంతం చెయ్యొచ్చా అన్న రితేష్ సిన్హా కేసులో 2012లో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు, 2019 ఆగస్టు 2న ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చింది: దర్యాప్తు కోసం గొంతు నమూనా ఇవ్వమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు, అది తన మీద తానే సాక్ష్యం చెప్పుకోవడం కిందికి రాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 349వ సెక్షన్‌లో గొంతు నమూనా అని నేరుగా రాశారు. దీనికి చాలా ముందు, 1985లో రామ్ సింగ్ కేసులో, టేపు సాక్ష్యంగా చెల్లాలంటే ఏం కావాలో సుప్రీంకోర్టు చెప్పింది. గొంతు ఎవరిదో గుర్తింపు జరగాలి, దిద్దుబాట్లు లేవని తేలాలి, సీలు వేసి భద్రంగా ఉంచాలి, మాట స్పష్టంగా వినపడాలి. నలభై ఏళ్ళ కిందటి ఆ షరతులు వాట్సాప్ కాలానికి ఇంకా ఎక్కువ అవసరం. మీ వాళ్ళెవరైనా ఇట్లాంటి కేసులో ఇరుక్కుంటే లాయరుగారి చేత కొన్ని ప్రశ్నలు అడిగించండి. అసలు రికార్డింగ్ ఏ ఫోన్‌లో పుట్టింది, మన దగ్గరికి వచ్చింది ఎన్నో కాపీ? నమూనా తీసింది ఏ గదిలో, ఏ మైకుతో, కేసులో ఉన్న మాటల తీరులోనే మాట్లాడించారా లేక పేపరు చదివించారా? పోల్చడానికి పెట్టుకున్న మిగతా జనం ఎవరు, తెలుగు మాట్లాడేవాళ్ళేనా? ఈ మూడో ప్రశ్న అడిగేవాళ్ళు ఇప్పటికీ నాకు తగల్లేదు, అన్నింటికన్నా పెద్దది అదే.

ఇక ఈమధ్య వచ్చిన కొత్త టెన్షన్. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మూడు సెకన్ల నమూనాతో ఒకరి గొంతుని తయారుచేసే పద్ధతిని చూపించారు. అట్లా తయారైన గొంతుని పట్టుకోవడానికి పరిశోధకులు 2015 నుంచే ఏఎస్‌వీస్పూఫ్ అనే పోటీలు పెట్టుకుంటున్నారు, ఎందుకంటే మనిషిని పోల్చే యంత్రం చూసేది పోలికనే. మాట్లాడింది ప్రాణమున్న మనిషేనా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న, దానికి వేరే యంత్రం కావాలి. మా మేనమామకి కావలిలో ఒక కాల్ వచ్చింది, బెంగళూరులో ఉన్న కొడుకు గొంతు, యాక్సిడెంట్ అయింది, వెంటనే డబ్బు వెయ్యమని. గొంతు అచ్చం వాడిదే అంటాడు మామ ఇప్పటికీ. కానీ ఆ గొంతు 'డాడీ' అంది. మా వాడు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి 'నాయనా' అనే పిలుస్తాడు. మామ ఫోన్ పెట్టేసి కొడుకు నంబరుకి చేశాడు, వాడు ఆఫీసులో టీ తాగుతున్నాడు. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఆ నంబరు ఫిర్యాదు చేయించాం. శబ్దం ఒక్కదాన్నే చూసే మా ల్యాబ్ మోడల్ అయితే ఆ గొంతుకి మంచి స్కోరే ఇచ్చి ఉండేదని నా గట్టి నమ్మకం. పిలుపూ, మాట వరసా, ఎప్పుడు ఏం అడుగుతాడన్న ఎరుకా మామ దగ్గర ఉన్నాయి, మోడల్ దగ్గర లేవు.

ఇదంతా చదివి ఈ పరిశోధన దండగ అనుకోకండి. పాత ముసలివాళ్ళు చెప్పిన కథల రికార్డింగుల్లో ఎవరు ఎప్పుడు మాట్లాడారో విడగొట్టడానికి, గుంపులో జరిగిన మీటింగు రాతలోకి దించడానికి, తప్పిపోయిన పెద్దాయన ఫోన్ చేస్తే ఆయనేనా అని కనీసం ఒక ఆధారం ఇవ్వడానికి ఇది పనికొస్తుంది. నాకు కావలసింది మన గొంతులు కూడా ఆ లెక్కలో ఉండటం. అందుకే వచ్చే బ్యాచ్‌తో కనిగిరి, పామూరు, మార్కాపురం, ఉదయగిరి వైపు తిరిగి రికార్డింగులు చెయ్యాలనుకుంటున్నాం. సేకరించడంలో ఒక పట్టింపు పెట్టుకున్నాను. మొదటి విడతలో ఇందుకూరుపేట దగ్గర ఒక అవ్వ, "నా గొంతు తీసుకపోయి ఏం జేస్తావు నాయనా?" అని సూటిగా అడిగింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, గొంతు మార్చుకోలేం, ఆమె అడగడం నూటికి నూరుపాళ్ళూ న్యాయం. కాబట్టి ఏం చేస్తామో తెలుగులో రాసిన కాయితం చదివి వినిపించాకే మైకు పెడతాం, ఫైలు మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది, ఎప్పుడు వద్దన్నా తీసేస్తాం, బయటివాళ్ళకి ఇవ్వం.

ముఖ్యంగా మాకు కావలసింది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తండ్రీకొడుకులు, తల్లీకూతుళ్ళు. ఒక్కొక్కరు రెండు వేర్వేరు రోజుల్లో మాట్లాడాలి, ఒకసారి ఇంట్లో, ఒకసారి పనిచేసే చోట, వీలైతే రెండు రకాల ఫోన్లలో. చదవక్కర్లేదు, చదువు రాకపోయినా ఫర్వాలేదు, పంట గురించో పిల్లల గురించో ఐదు నిమిషాలు మామూలుగా మాట్లాడితే చాలు. మీ ఇంట్లో ఒప్పుకునేవాళ్ళుంటే సంక్రాంతి సెలవుల లోపు నాకు ఒక మెసేజ్ పెట్టండి, పిల్లల్ని మీ ఊరికి పంపిస్తాను.